ఇంట్లో రెండు వైఫై పెట్టెలుంటే అడ్రసులు పంచేది ఏది?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఆరింటిని ఎంచుకున్నాను. ఆరూ వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవే అయినా, వాటి మూలం ఒకే చోట ఉంది: వైఫై పెట్టె సెట్టింగులలో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పద్ధతి) అనే పేరుతో కనిపించే పేజీ. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త విపులంగా జవాబు రాసి, మిగిలిన జవాబులకు దానినే ఆధారం చేసుకున్నాను.

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. కింద హాలులో ఫైబర్ కంపెనీవారు బిగించిన వైఫై పెట్టె ఉంది. మేడ మీదికి సిగ్నల్ అందడం లేదని మరో వైఫై రౌటర్ కొని, కింది పెట్టె నుంచి కేబుల్ లాగి దానికి కలిపాను. మొదటి రోజు బాగానే నడిచింది. మరునాటి నుంచి ఫోన్లలో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా నెట్ రావడం లేదు. ఒక్కోసారి ఆపి మళ్లీ వేస్తే వస్తుంది. కింది గదుల్లోని ఫోన్లకు కూడా ఇదే ఇబ్బంది మొదలైంది. కంప్యూటరుకు ప్రింటరు కనిపించడం మానేసింది. కొత్త రౌటర్‌ను దుకాణానికి తిరిగి ఇచ్చేయమంటారా?
విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: ఇవ్వనక్కర్లేదండి. మీ రౌటర్ పాడవలేదు. అది తనకు అప్పగించిన పనే చేస్తోంది, అయితే ఆ పని చేసే పెట్టె మీ ఇంట్లో అప్పటికే ఒకటి ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

వైఫైకి కలిసే ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రసు కావాలి. దానితోపాటు, తాను ఏ వరుసలో ఉందో తెలిపే సబ్‌నెట్ మాస్క్, బయటి ఇంటర్నెట్‌కు వెళ్లే దారి చూపే గేట్‌వే, వెబ్‌సైట్ల పేర్లను అంకెలుగా మార్చి చెప్పే డీఎన్ఎస్ సర్వర్ అడ్రసు కూడా కావాలి. ఒకప్పుడు కార్యాలయాలలో ఈ వివరాలన్నీ ఒక్కొక్క కంప్యూటరు ముందు కూర్చుని చేత్తో నింపేవారు. ఆ శ్రమ తప్పించడానికి 1985లో బూట్‌పీ అనే పద్ధతి, దానిని విస్తరించి 1993లో డీహెచ్‌సీపీ వచ్చాయి. ఈనాటికీ ఇళ్లలో నడుస్తున్న డీహెచ్‌సీపీ నిబంధనలను 1997 మార్చిలో రాల్ఫ్ డ్రోమ్స్ రాసిన పత్రంలో చూడవచ్చు. అందులో సంభాషణ నాలుగు మాటల్లో ముగుస్తుంది. ఫోను వైఫైకి కలవగానే, ఎవరున్నారో తెలియదు కనుక, అందరికీ వినబడేలా అడ్రసు కావాలని కేక వేస్తుంది. అడ్రసులు పంచే పెట్టె ఒక అడ్రసు చూపి ఇది తీసుకోమంటుంది. ఫోను సరే అదే ఇమ్మంటుంది. పెట్టె ఖాయం చేసి, ఇంత గడువు వరకు ఇది నీదని చెబుతుంది.

ఆ మొదటి కేక అందరికీ వినబడుతుందన్న మాటను గుర్తుంచుకోండి. ఒకే వీధికి ఇద్దరు పంచాయతీ కార్యదర్శులు, ఒకరి రిజిస్టరు మరొకరు చూడకుండా ఇంటి నంబర్లు వేస్తే ఏమవుతుందో మీ ఇంట్లో అదే జరుగుతోంది. ఏ రంధ్రానికి కేబుల్ పెట్టారో మీరు రాయలేదు కానీ, లక్షణాలను బట్టి చూస్తే, పై రౌటర్ వెనుక ఇంటి పరికరాల కోసం ఉన్న లాన్ రంధ్రాలలో ఒకదానికే కలిపి ఉంటారు. అలా కలిపితే పైనున్నదీ కిందున్నదీ ఒకే నెట్‌వర్క్ అయిపోతాయి. కింది గదిలోని ఫోను వేసిన కేక కేబుల్ గుండా పై రౌటర్‌కూ చేరుతుంది, మామూలుగా ఏ జవాబు ముందు వస్తే ఫోను దానినే తీసుకుంటుంది. పై రౌటర్ జవాబు ముందు వచ్చిందనుకోండి. అది తన వరుసలోని అడ్రసు ఇస్తుంది, గేట్‌వేగా తన అడ్రసునే చెబుతుంది. కానీ ఇంటర్నెట్ కేబుల్ కోసం ఉన్న దాని వాన్ రంధ్రం ఖాళీగా ఉంది, అంటే దానికి బయటికి దారి లేదు. ఫోను ఆ మాట నమ్మి అక్కడికే వెళ్లి ఆగిపోతుంది. సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రాకపోవడానికి కారణం ఇది. ప్రింటరు సంగతీ ఇంతే. అది కింది పెట్టె ఇచ్చిన 192.168.1 వరుసలో ఉండగా, కంప్యూటరు పై రౌటర్ ఇచ్చిన 192.168.0 వరుసలోకి వెళ్లిపోయి ఉంటుంది. ఒకే తీగ మీద ఉన్నా అవి రెండు వేరు వీధులే. మొదటి రోజు ఇబ్బంది లేకపోవడానికి కారణం గడువు. అంతకుముందే కింది పెట్టె నుంచి అడ్రసు తీసుకున్న పరికరాలు దానితోనే కొంతకాలం నడిచాయి, గడువు తీరినవీ కొత్తగా అడిగినవీ పై రౌటర్ చేతిలో పడ్డాయి.

మరమ్మతు అరగంట పని, అయితే వరుస తప్పకూడదు. ముందుగా కింది పెట్టె సెట్టింగుల పేజీలో దాని అడ్రసు ఎంతో, అడ్రసుల పంపకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి కాగితం మీద రాసుకోండి. మీ పెట్టె అడ్రసు 192.168.1.1 అనుకుందాం. పంపకం 192.168.1.2 నుంచి 192.168.1.254 వరకు ఉంటే, దానిని 192.168.1.20 నుంచి 192.168.1.200 వరకు కుదించండి. ఆ 181 అడ్రసులు ఏ ఇంటికైనా చాలు. మొదటి కొన్నింటిని మనం చేత్తో ఇచ్చే స్థిరమైన అడ్రసుల కోసం అట్టే ఉంచాలి.

తరువాత పై రౌటర్‌కూ కింది పెట్టెకూ మధ్య ఉన్న కేబుల్ తీసేసి, పై రౌటర్ లాన్ రంధ్రానికి ల్యాప్‌టాప్‌ను మాత్రమే కలపండి. దాని అడుగున అంటించిన స్టిక్కరు మీద ఉన్న అడ్రసుతో లాగిన్ అయి, వైఫై పేరు, పాస్‌వర్డ్, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ముందు సరిచేసుకోండి. ఆ తరువాత లాన్ సెట్టింగులలోకి వెళ్లి రౌటర్ సొంత అడ్రసును 192.168.1.2గా, మాస్క్‌ను 255.255.255.0గా మార్చి సేవ్ చేయండి. రౌటర్ ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది. ఇప్పుడు బ్రౌజరులో 192.168.1.2 అని కొట్టి తిరిగి లాగిన్ అయి, అన్నిటికంటే చివర డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆపివేసి సేవ్ చేయండి. అడ్రసు మార్చకుండా ముందే డీహెచ్‌సీపీని ఆపితే, మీ ల్యాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవారు లేక మీరు పేజీ బయటే నిలిచిపోతారు. చాలామంది ఇక్కడే తడబడి, రీసెట్ బొత్తాం నొక్కి మొదటికి వస్తారు.

ఇప్పుడు కింది పెట్టె లాన్ రంధ్రం నుంచి వచ్చే కేబుల్‌ను పై రౌటర్ లాన్ రంధ్రానికే కలిపి, వాన్ రంధ్రాన్ని ఖాళీగా వదిలేయండి. ఇక పై రౌటర్ అడ్రసుల జోలికి పోకుండా, తీగ మీద వచ్చినదాన్ని గాలిలోకి, గాలిలో వచ్చినదాన్ని తీగ మీదికి చేర్చే యాక్సెస్ పాయింట్‌గా మాత్రమే పని చేస్తుంది. మీ రౌటర్ మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని విడిగా ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. అది ఎంచుకోగానే డీహెచ్‌సీపీ దానంతటదే ఆగిపోతుంది, కేబుల్‌ను వాన్ రంధ్రానికి కలిపినా పని జరుగుతుంది. ఆ మోడ్‌లో రౌటర్ తన అడ్రసును కూడా కింది పెట్టె నుంచే తీసుకుంటుంది కనుక, తరువాత దానిలోకి లాగిన్ కావాలంటే కింది పెట్టెలో కలిసి ఉన్న పరికరాల పట్టిక చూసి అడ్రసు తెలుసుకోవాలి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నెట్ వస్తోందా అని చూడడం చాలదు. మేడ మీద ఫోనులో వైఫై పేరు నొక్కి వివరాలు తెరిచి చూడండి. ఐపీ అడ్రసు 192.168.1తో మొదలై, గేట్‌వే 192.168.1.1 అని ఉంటే పని పూర్తయినట్టే. పాత అడ్రసును పట్టుకుని కూర్చున్న ఫోన్లను ఒకసారి ఆ వైఫైని మరిచిపొమ్మని చెప్పి మళ్లీ కలపండి. పైనా కిందా ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1వ ఛానల్, మరొకదానికి 6 లేదా 11వ ఛానల్ ఇస్తే, మెట్లెక్కుతున్నప్పుడు ఫోను అదే అడ్రసుతో ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది.

ప్రశ్న: నా పరిస్థితి వేరు. కంపెనీవారి పెట్టెలో అడ్రసుల పంపకం 32 పరికరాలకే పరిమితమై ఉంది, దానిని పెంచే వీలు కనిపించడం లేదు. డీహెచ్‌సీపీని మొత్తంగా ఆపే బొత్తాం మాత్రం ఉంది. నేను కొన్న యాక్సెస్ పాయింట్‌లో డీహెచ్‌సీపీ పేజీ చాలా వివరంగా ఉంది. ఆ పనిని దీనికే అప్పగించవచ్చా? ప్రతి గడిలో ఏమి నింపాలి?
చిన్న ప్రింటింగ్ ప్రెస్ యజమాని, కరీంనగర్

జవాబు: నిరభ్యంతరంగా అప్పగించవచ్చు. అడ్రసులు పంచేది ఇంటర్నెట్ తెచ్చే పెట్టే కావాలన్న నియమం ఎక్కడా లేదు. ఎవరు పంచినా, సరైన గేట్‌వే చెప్పాలన్నదే అసలు నియమం, చాలామంది తప్పు చేసేది కూడా ఆ గడిలోనే.

మీ కంపెనీ పెట్టె 192.168.1.1 అనీ, యాక్సెస్ పాయింట్‌కు మీరు 192.168.1.2 ఇచ్చారనీ అనుకుని చెబుతాను. మొదలు, ముగింపు అనే రెండు గడులలో 192.168.1.50, 192.168.1.220 అని నింపండి. ఈ రెండూ యాక్సెస్ పాయింట్ ఉన్న వరుసలోనే ఉండాలి, పైన చెప్పిన రెండు పెట్టెల అడ్రసులు ఈ మధ్యలో పడకూడదు. డిఫాల్ట్ గేట్‌వే గడిలో 192.168.1.1 అని, అంటే కంపెనీ పెట్టె అడ్రసు రాయాలి. దీనిని ఖాళీగా వదిలితే చాలా యాక్సెస్ పాయింట్లు తమ అడ్రసునే గేట్‌వేగా ప్రకటిస్తాయి, అప్పుడు తెనాలి పాఠకుని ఇంట్లో జరిగినదే మీ ప్రెస్సులోనూ జరుగుతుంది. డీఎన్ఎస్ గడులు రెండు ఉంటాయి. మొదటిదానిలో కంపెనీ పెట్టె అడ్రసే పెట్టవచ్చు, రెండోదానిలో గూగుల్ వారి 8.8.8.8 గాని, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 గాని రాయవచ్చు. డొమైన్ పేరు అనే గడిని ఖాళీగా వదిలేయండి.

లీజు కాలం గడి దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. లీజు అంటే మన కౌలు వంటిదే. అడ్రసు ఫోను సొంతం కాదు, కౌలుకు తీసుకున్నది. కౌలు కాలంలో సగం గడవగానే ఫోను తానే వెళ్లి పొడిగించమని అడుగుతుంది. ఆ పెట్టె పలకకపోతే మరి కొంతసేపు ప్రయత్నిస్తుంది, గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక ఎవరైనా సరే పొడిగించండని అందరినీ అడుగుతుంది. గడువు పూర్తిగా తీరితే అడ్రసు వదిలేస్తుంది. మీ ప్రెస్సులో యంత్రాలు రోజూ ఉండేవే కనుక ఒక రోజు గడువు బాగుంటుంది. ఈ గడిలో కొన్ని కంపెనీలవారు నిమిషాలు, కొన్ని కంపెనీలవారు సెకన్లు అడుగుతారు. ఒక రోజంటే 1440 నిమిషాలు, లేదా 86400 సెకన్లు. సెకన్లు అడిగే గడిలో 1440 అని కొడితే ప్రతి పరికరమూ పన్నెండు నిమిషాలకొకసారి పొడిగింపు అడుగుతూ ఉంటుంది.

ఇవన్నీ నింపి సేవ్ చేసి, కంపెనీ పెట్టెలో డీహెచ్‌సీపీని ఆపి, పరికరాలన్నిటినీ ఒకసారి వైఫై నుంచి తీసి కలపండి. ఇకపై యాక్సెస్ పాయింట్‌కు కరెంటు లేకపోతే, కంపెనీ పెట్టె వెలుగుతూ ఉన్నా కొత్తగా వచ్చిన పరికరానికి అడ్రసు దొరకదని గుర్తుంచుకోండి. రెండింటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టడం మంచిది.

మీ పెట్టెలో ఆపే బొత్తాం ఉంది కనుక సరిపోయింది. అది కూడా లేనివారికి మరో దారి ఉంది. కంపెనీ పెట్టె పంచే 32 అడ్రసులను దానికే వదిలి, యాక్సెస్ పాయింట్ పంపకాన్ని అదే వరుసలో, కంపెనీ పెట్టె పంచే అడ్రసులతో ఎక్కడా కలవని భాగంలో పెట్టి, గేట్‌వే మాత్రం రెండూ ఒకటే చెప్పేలా చేయవచ్చు. ఇద్దరు కార్యదర్శులున్నా, ఒకరు బేసి వైపు, మరొకరు సరి వైపు నంబర్లు వేస్తే గొడవ ఉండదు కదా. పెద్ద కార్యాలయాలలో ఒక సర్వర్ ఆగిపోయినా పని నడవడానికి ఇలా కావాలనే చేస్తారు. ఇంటికి మాత్రం ఒక్కటే ఉండడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ పరికరానికి ఎవరు అడ్రసు ఇచ్చారో వెతకవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న: మా విద్యార్థుల వసతి గృహంలో 90 మంది ఉంటున్నారు. నాలుగు అంతస్తులకు నాలుగు యాక్సెస్ పాయింట్లు పెట్టి, గుర్తుగా ఉంటుందని ఒక్కొక్క అంతస్తుకు ఒక్కొక్క వైఫై పేరు ఇచ్చాం. పగలు ఇబ్బంది లేదు. సాయంత్రం ఏడు దాటితే, ఐపీ అడ్రసు పొందుతున్నాం అన్న మాట దగ్గరే పిల్లల ఫోన్లు ఆగిపోతున్నాయి. ప్రధాన రౌటర్‌లో పంపకం 192.168.0.100 నుంచి 192.168.0.199 వరకు, లీజు 24 గంటలు అని ఉంది.
వార్డెన్, వరంగల్

జవాబు: అవసరమైన అంకెలన్నీ మీరే రాశారు. మీ దగ్గరున్న అడ్రసులు 100. ఒక్కొక్కరికి ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్ అనుకున్నా 180 పరికరాలు. పైగా ఉదయం కలిసి కాలేజీకి వెళ్లిపోయిన ఫోను కూడా తన అడ్రసును 24 గంటలపాటు కౌలులో ఉంచుకుంటుంది. సాయంత్రానికి సంచి ఖాళీ అవుతుంది, ఆలస్యంగా వచ్చినవారికి ఇవ్వడానికి అడ్రసే మిగలదు.

ఇందులో చాలామంది గమనించని అంశం మరొకటి ఉంది. అంతస్తుకొక పేరు పెట్టడం మీరు మంచి ఉద్దేశంతో చేసినదే కానీ, అది అడ్రసులను రెండింతలు మూడింతలుగా తినేస్తోంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసును, అంటే తయారీలోనే పరికరానికి వేసిన గుర్తింపు సంఖ్యను దాచి, ఒక్కొక్క వైఫై పేరుకు ఒక్కొక్క కల్పిత మ్యాక్ అడ్రసు చూపుతున్నాయి. మనుషుల కదలికలను ఎవరూ వెంటాడకుండా చేసిన మంచి ఏర్పాటు ఇది. అయితే డీహెచ్‌సీపీ సర్వర్ పరికరాలను గుర్తుపట్టేది మ్యాక్ అడ్రసుతోనే కనుక, రెండో అంతస్తులో ఉండే కుర్రవాడు మూడో అంతస్తులో స్నేహితుని గదికి వెళ్లి అక్కడి వైఫైకి కలిస్తే, అదే ఫోను సర్వర్ పుస్తకంలో రెండు ఫోన్లుగా నమోదై రెండు అడ్రసులు పట్టుకుంటుంది.

కాబట్టి మొదట నాలుగు అంతస్తులకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. పంపకాన్ని 192.168.0.20 నుంచి 192.168.0.250 వరకు పెంచితే 231 అడ్రసులు వస్తాయి. లీజును రెండు గంటలకు తగ్గించండి. గృహంలో ఉన్న ఫోన్లు గంటకొకసారి చడీచప్పుడు లేకుండా పొడిగించుకుంటాయి, బయటికి వెళ్లినవాటి అడ్రసులు రెండు గంటలలోపే సంచిలోకి తిరిగి వస్తాయి. నాలుగు యాక్సెస్ పాయింట్లకూ స్థిరమైన అడ్రసులను 192.168.0.2 నుంచి 192.168.0.5 వరకు ఇచ్చి, నాలుగింటిలోనూ డీహెచ్‌సీపీ ఆగి ఉందని ఒక్కొక్కటీ తెరిచి స్వయంగా చూడండి. బిగించినవారు ఆపామని చెప్పినా చూడండి.

వచ్చే ఏడు పిల్లల సంఖ్య పెరిగి ఇది కూడా చాలకపోతే, సబ్‌నెట్ మాస్క్‌ను 255.255.254.0గా మార్చవచ్చు. అప్పుడు 192.168.0, 192.168.1 వరుసలు రెండూ కలిసి ఒకే పెద్ద వరుస అయి, 510 అడ్రసులకు చోటు వస్తుంది. ప్రధాన రౌటర్‌లో మార్చి ఊరుకోకూడదు. యాక్సెస్ పాయింట్లలోనూ, చేత్తో అడ్రసు ఇచ్చిన కెమెరాలు, ప్రింటర్లలోనూ అదే మాస్క్ పెట్టాలి. లేకపోతే అవి సగం వరుసనే తమదనుకుంటాయి. ఇళ్ల కోసం చేసిన చవక రౌటర్లు కొన్ని ఈ మాస్క్‌ను ఒప్పుకోవు కనుక, కొనేముందే అడిగి తెలుసుకోండి. అడ్రసు దొరికాక కూడా వేగం మందంగా ఉంటే అది వేరే సంగతి. ఒక్కొక్క యాక్సెస్ పాయింట్ మీద ఎంతమంది పడుతున్నారన్నది అప్పుడు చూడాలి.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాను. ఇంటి యజమాని ఒకే కనెక్షన్ తీసుకుని, నాలుగు వాటాలకూ గోడలో కేబుల్ ఇచ్చారు. నా గదిలో వైఫై కోసం చిన్న రౌటర్ కొని ఆ కేబుల్‌కు కలిపాను. సాయంత్రానికి మిగతా మూడు వాటాలలోనూ నెట్ పోయింది, నా రౌటర్ తీసేశాక వచ్చింది. మీరు ఎప్పుడూ డీహెచ్‌సీపీని ఆపమంటారు కదా, నేనూ ఆపాలా?
ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీరు ఆపనక్కర్లేదు, కేబుల్ రంధ్రం మార్చండి. యజమాని కేబుల్‌ను మీరు లాన్ రంధ్రానికి కలపడంతో, మీ రౌటర్ నాలుగు వాటాలకూ అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. ఆ కేబుల్‌ను వాన్ రంధ్రానికి మార్చితే, రౌటర్ తన పంపకాన్ని మీ గదికే పరిమితం చేస్తుంది, అడ్రసు అడిగే కేక వాన్ గోడ దాటి అటూ ఇటూ పోదు.

తెనాలి పాఠకునికి యాక్సెస్ పాయింట్ మోడ్ సరైనది, ఎందుకంటే ఆ ఇంట్లోని ప్రింటరు, ఫోన్లు ఒకదానికొకటి కనబడాలి. మీకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మీరూ యాక్సెస్ పాయింట్ మోడ్ పెడితే నెట్ వస్తుంది కానీ, మీ టీవీ, మీ ల్యాప్‌టాప్ పక్క వాటాలవారి నెట్‌వర్క్‌లోనే ఉంటాయి. కనుక రౌటర్ మోడ్‌లోనే ఉంచి, డీహెచ్‌సీపీని నడవనిచ్చి, రౌటర్ సొంత అడ్రసును మాత్రం యజమాని వరుస కాని మరో వరుసలోకి, ఉదాహరణకు 192.168.50.1కి మార్చండి. రెండు వైపులా ఒకే వరుస ఉంటే ఏ అడ్రసు లోపలిదో, ఏది బయటిదో రౌటర్ తేల్చుకోలేదు. 1996లో ప్రైవేటు అవసరాలకని కేటాయించిన వాటిలో 192.168 వరుసలే 256 ఉన్నాయి, అందులో ఏది తీసుకున్నా ఎవరినీ అడగనక్కర్లేదు. ఈ ఏర్పాటులో అడ్రసుల మార్పిడి రెండుసార్లు జరుగుతుంది కనుక, బయటి నుంచి నేరుగా మీ గదిలోని పరికరానికి కలవాలంటే కష్టమవుతుంది. చదువుకు, ఉద్యోగానికి, సినిమాలు చూడడానికి ఏ లోటూ ఉండదు.

మీ యజమానికి కూడా ఒక మాట చెప్పండి. నేను కొంతకాలం సాయం చేసిన ఒక గ్రంథాలయంలో ఇలాగే ఎవరో ఇంటి నుంచి చిన్న రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కు కలపగా, చదువుకోవడానికి వచ్చినవారందరి కంప్యూటర్లూ ఒక పూటంతా ఆగిపోయాయి. పరీక్ష దరఖాస్తుకు చివరి రోజని వచ్చిన పిల్లలు ఆ పూట ఖాళీగా కూర్చోవలసి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అలాంటప్పుడు కేబుళ్లు పీకి వెతకడం కంటే సులువైన దారి ఉంది. నెట్ రాని ఫోనులో గేట్‌వే అడ్రసు చూసి, దానిని బ్రౌజరులో కొడితే దొంగ పంపకందారు లాగిన్ పేజీయే తెరుచుకుంటుంది. ఆ పేజీ మీది కంపెనీ పేరు, మోడల్ చూస్తే ఎవరిదో చాలావరకు తెలిసిపోతుంది. శాశ్వతంగా అడ్డుకోవాలంటే డీహెచ్‌సీపీ స్నూపింగ్ సదుపాయం ఉన్న మేనేజ్డ్ స్విచ్ (కేబుళ్లను కలిపే, సెట్టింగులు మార్చగల పెట్టె) పెట్టుకోవాలి. ప్రధాన రౌటర్ ఉన్న రంధ్రం నుంచి వచ్చే అడ్రసు జవాబులను తప్ప మిగతావాటిని అది దాటనివ్వదు.

ప్రశ్న: మా కిరాణా దుకాణంలో బిల్లులు కొట్టే ప్రింటరు వైఫై మీద నడుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని అడ్రసు మారిపోతోంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేరులో మళ్లీ మార్చుకోవలసి వస్తోంది. దానికి ఒకే అడ్రసు ఎలా ఇవ్వాలి?
దుకాణదారు, రాజమహేంద్రవరం

జవాబు: అడ్రసులు పంచే పెట్టెలో అడ్రస్ రిజర్వేషన్ అనే పేజీ ఉంటుంది. ప్రింటరు వెనుక స్టిక్కరు మీద మ్యాక్ అని రాసి ఉన్న పన్నెండు అక్షరాలను, అంకెలను అక్కడ రాసి, దానికి ఎదురుగా మీకు నచ్చిన అడ్రసు, ఉదాహరణకు 192.168.1.30 అని నింపి సేవ్ చేయండి. ప్రింటరును ఒకసారి ఆపి వేస్తే, ఇకపై ఎన్నిసార్లు కరెంటు పోయినా అది అదే అడ్రసుతో లేస్తుంది. ప్రింటరులో ఏమీ మార్చనక్కర్లేదు.

ప్రింటరు లోపలే చేత్తో అడ్రసు నింపే పద్ధతి కూడా ఉంది. అలా చేసేవారు ఆ అడ్రసు పంపకం హద్దుల బయట ఉండేలా చూసుకోవాలి. హద్దుల లోపలి అడ్రసు పెడితే, ఏదో ఒక రోజు ప్రింటరు ఆగి ఉన్నప్పుడు ఆ పెట్టె అదే అడ్రసును కొనడానికి వచ్చినవారి ఫోనుకు ఇచ్చేస్తుంది, ప్రింటరు లేవగానే రెండూ కొట్టుకుంటాయి. రెండింటిలో రిజర్వేషన్‌నే నేను గట్టిగా సూచిస్తాను, ఎందుకంటే ఏ అడ్రసు ఎవరిదన్న లెక్క ఒకే చోట ఉంటుంది. రెండేళ్ల తరువాత పెట్టె మార్చవలసి వచ్చినప్పుడు ఆ పట్టికను చూసి రాసుకుంటే చాలు.

ప్రశ్న: తెలిసినవారు రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపాలని చెబితే, పొరపాటున కంపెనీ పెట్టెలో కూడా ఆపేశాను. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తోంది. ఏ పెట్టెలోకీ లాగిన్ కాలేకపోతున్నాను. రీసెట్ చేయమంటారా?
గృహిణి, నెల్లూరు

జవాబు: దయచేసి కంపెనీ పెట్టె రీసెట్ బొత్తాన్ని ముట్టుకోకండి. అందులో మీ కనెక్షన్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండవచ్చు. అవి చెరిగిపోతే కంపెనీవారు వచ్చేవరకు నెట్ ఉండదు.

మీకు కనిపిస్తున్న 169.254 అడ్రసు ఎవరూ ఇచ్చినది కాదు. ఎన్నిసార్లు అడిగినా జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ తనకు తానే వేసుకునే తాత్కాలిక అడ్రసు అది. ఈ అడ్రసు కనిపిస్తే, వైఫై పాస్‌వర్డ్ సరైనదే, కేబులూ కలిసే ఉంది, అడ్రసు పంచేవారే లేరని చాలాసార్లు అర్థం చేసుకోవచ్చు.

పంచేవారు లేనప్పుడు మనమే ఇచ్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కంపెనీ పెట్టెకు కలపండి. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచి, ఐపీ అసైన్‌మెంట్ దగ్గర ఎడిట్ నొక్కి, మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 వేసి, అడ్రసు 192.168.1.50, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 అని నింపండి. పెట్టె అడుగున స్టిక్కరు మీద వేరే అడ్రసు ఉంటే దానిని గేట్‌వేగా పెట్టి, మొదటి మూడు భాగాలు దానితో కలిసేలా మీ అడ్రసు మార్చుకోండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనులోనూ, ఆ వైఫై వివరాలలో ఐపీ సెట్టింగులను స్టాటిక్ అని మార్చి ఇదే పని చేయవచ్చు. సేవ్ చేశాక బ్రౌజరులో గేట్‌వే అడ్రసు కొడితే లాగిన్ పేజీ వస్తుంది. అక్కడ కంపెనీ పెట్టె డీహెచ్‌సీపీని తిరిగి నడిపించి, రెండో రౌటర్‌లో మాత్రం ఆగి ఉండనివ్వండి.

ఇదంతా అయ్యాక ల్యాప్‌టాప్‌లో మాన్యువల్‌ను మళ్లీ ఆటోమేటిక్‌గా మార్చడం మరవకండి. అది అలాగే ఉండిపోతే ఇంట్లో బాగానే నడిచి, రేపు మీరు పుట్టింటికో, బ్యాంకు పని మీద మరో చోటికో వెళ్లి అక్కడి వైఫైకి కలిసినప్పుడు నెట్ రాదు. అప్పుడు ఈ 192.168.1.50 సంగతి గుర్తుకు రావడం కష్టం.